ఏబుల్టన్ ఒకరిది, లాజిక్ ఇంకొకరిది: ఇద్దరం కలిసి ఒక ట్రాక్ పూర్తి చేయడం ఎలా?

సాటూత్:

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద ప్రశ్న, ఓపిక చేసుకుని చదవండి.

నేనూ నా ఫ్రెండూ కలిసి ఎలక్ట్రానిక్ మ్యూజిక్ చేస్తున్నాం. హౌస్‌కీ టెక్నోకీ మధ్యలో ఎక్కడో ఉంటుంది, 124 బీపీఎం (నిమిషానికి 124 బీట్లు). నేను మ్యూజిక్ చేసే సాఫ్ట్‌వేర్ విండోస్ మీద ఏబుల్టన్ లైవ్, వాడిది మ్యాక్ మీద లాజిక్. వేర్వేరు ఊళ్ళలో ఉంటాం కాబట్టి పక్కపక్కన కూర్చుని చేసుకునే వీల్లేదు. డ్రమ్స్, బేస్ నాకు బాగా వస్తాయి. కార్డులు, ప్యాడ్లు, గొంతు ముక్కల్ని కోసి వాడటం, వీటిలో వాడు నాకన్నా చాలా ముందున్నాడు. కాగితం మీద చూస్తే జోడీ కుదరాలి. కుదరడం లేదు.

మొదట్లో ఫైళ్ళు త్వరగా వెళ్తాయని ఎంపీత్రీలు పంపుకున్నాం. వాడు నా డ్రమ్స్ మీద వాయించిన కార్డుల్ని నా ప్రాజెక్టులో సరిగ్గా మొదటి బార్‌కి (బార్ అంటే నాలుగు బీట్లు) అంటించి పెట్టినా, అవి ఎప్పుడూ వెంట్రుకవాసి వెనకే ఉండేవి. మొదట్లో ఎంత వెనకో చివర్లోనూ అంతే వెనక. తర్వాత వేవ్ ఫైళ్ళకి మారాం. అప్పుడు ఇంకో వింత. నేను పంపిన బేస్ వాడి దగ్గర నెమ్మదిగా, కింది శ్రుతిలో వినిపిస్తోందట. నా దగ్గరకొచ్చిన వాడి ప్యాడ్లేమో మొదట బాగానే ఉండి, బ్రేక్‌డౌన్ (మధ్యలో డ్రమ్స్ తగ్గిపోయే చోటు) దాటేసరికి ఎటో కొట్టుకుపోతున్నాయి.

ఇదంతా టెక్నికల్ గోల. అంతకన్నా పెద్ద గోల ఇంకోటుంది. ప్రతి ట్రాకూ 8 బార్ల లూపు దగ్గరే ఆగిపోతోంది. నేను పంపితే వాడు రెండు లేయర్లు కలుపుతాడు, వాడు పంపితే నేను ఇంకో రెండు. చివరికి తెర పట్టనన్ని ట్రాకులుంటాయి, పాట మాత్రం ఉండదు. ఏదైనా తీసేద్దామంటే ఎవరిది తీయాలన్న మొహమాటం.

ఇంకొకటి. ఇంటర్నెట్‌లో ఇద్దరం ఒకేసారి వాయించుకునే దారి ఏదైనా ఉందా? వీడియో కాల్‌లో ప్రయత్నించాం, నవ్వుకోవడానికి తప్ప దేనికీ పనికిరాలేదు.

"ఇద్దరూ ఒకే సాఫ్ట్‌వేర్‌కి మారండి" అనే సలహా మాత్రం వద్దు ప్లీజ్. చెయ్యి అలవాటైన చోటు వదలడం ఇద్దరికీ ఇష్టం లేదు.


లోఫై_లోకం:

మారొద్దన్నారు కాబట్టి మారమని చెప్పను. బ్యాండ్‌ల్యాబ్ లాంటివి బ్రౌజర్‌లోనే నడుస్తాయి, మీ ఇద్దరికీ ఒకే ప్రాజెక్టు కనిపిస్తుంది. ఐడియాలు అక్కడ గీసుకోండి, అసలు పని ఎవరి సాఫ్ట్‌వేర్‌లో వాళ్ళు చేసుకోండి. ఫోన్‌లో హమ్ చేసిన బేస్‌లైన్లు నేను అక్కడే పడేస్తుంటాను. ఫైళ్ళ సంగతి తెలిసినవాళ్ళు చెప్తారు.


టేప్‌హిస్:

సాటూత్ గారూ, మీరు లక్షణాలు శుభ్రంగా రాశారు, అందుకే కారణాలు పట్టుకోవడం తేలికైంది. మీ మూడు వింతలకీ మూడు వేర్వేరు కారణాలున్నాయి.

ముందు ఎంపీత్రీ. ఎన్‌కోడింగ్ జరిగే పద్ధతి వల్లే ఫైలు మొదట్లో కొంత ఖాళీ చేరుతుంది. లేమ్ అనే ఎంపీత్రీ ఎన్‌కోడర్ వాడితే ఎన్‌కోడర్ వైపు 576 శాంపిళ్ళు (శాంపిల్ అంటే శబ్దాన్ని సెకనుకి వేలసార్లు కొలిచే కొలతల్లో ఒకటి), డీకోడర్ వైపు ఇంకో 529, మొత్తం 1105. 44.1 కిలోహెర్ట్జ్ దగ్గర అది 25 మిల్లీసెకన్లు. 124 బీపీఎంలో ఒక పదహారో నోటు నిడివి 121 మిల్లీసెకన్లు కాబట్టి అందులో ఐదో వంతు అన్నమాట. అంత చిన్న తేడా చెవికి ఎకోలా తెలియదు, వాయించినవాడికి తాళం రాదన్నట్టు తెలుస్తుంది. మీ ఫ్రెండ్ టైమింగ్‌ని మనసులో తిట్టుకుని ఉంటే వెనక్కి తీసుకోండి. ఈ ఖాళీని కొన్ని సాఫ్ట్‌వేర్లు గుర్తుపట్టి కోసేస్తాయి, కొన్ని కోయవు. అందుకే ఒకరి దగ్గర సరిగ్గా కూర్చున్నది ఇంకొకరి దగ్గర కూర్చోదు. ఎంపీత్రీ వినడానికి పంపుకోండి, పని చేయడానికి వద్దు.

తర్వాత శ్రుతి దిగడం. మీ ప్రాజెక్టు 48 కిలోహెర్ట్జ్, తనది 44.1 అయ్యుంటుంది. సెకనుకి 48,000 శాంపిళ్ళతో తీసిన ఫైలుని సెకనుకి 44,100 చొప్పున చదివితే పాట సాగుతుంది. 124 కాస్తా 114 దగ్గరికి వస్తుంది, శ్రుతి దాదాపు ఒకటిన్నర సెమిటోన్ దిగుతుంది. లాజిక్ ప్రాజెక్టు సెట్టింగుల్లో, ఆడియో తెచ్చుకునేటప్పుడు శాంపిల్ రేటు మార్చమని చెప్పే టిక్ ఒకటుంటుంది. అది తీసేసి ఉంటే సరిగ్గా మీరు చెప్పినట్టే వినిపిస్తుంది. అది పెట్టించండి. అంతకన్నా ముందు ఇద్దరూ ఒకే రేటుకి రండి. వీడియోకి వెళ్ళే ఉద్దేశం ఉంటే 48, లేకపోతే 44.1. ఈ రెండింటికీ తేడా చెవితో పట్టేస్తానని ఎవరైనా అంటే నేను మర్యాదగా టాపిక్ మార్చేస్తాను. బిట్ డెప్త్ మాత్రం 24 పెట్టుకోండి.

ఇక కొట్టుకుపోయే ప్యాడ్లు. ఇది మీ వైపు జరుగుతోంది. లైవ్‌లోకి పొడవాటి ఆడియో ఫైలు లాగి పడేస్తే, దాని టెంపో ఎంతో తనే ఊహించి వార్ప్ చేసే, అంటే ప్రాజెక్టు టెంపోకి సాగదీసే, సెట్టింగు ఒకటుంది. డ్రమ్ లూపుకైతే ఆ ఊహ బాగానే పనిచేస్తుంది. మెల్లగా లేచి మెల్లగా పడే ప్యాడ్‌లో పట్టుకోవడానికి బీటు ఎక్కడుంది? ఏదో ఒకటి పట్టుకుని 123.6 అని తేల్చుకుంటుంది, దాన్ని 124కి లాగుతుంది. మొదటి బార్లలో తెలియదు. బ్రేక్‌డౌన్ దాటేసరికి ఆ చిన్న తేడా పేరుకుపోయి బయటపడుతుంది. ప్రిఫరెన్సుల్లో 'ఆటో వార్ప్ లాంగ్ శాంపిల్స్' ఆపేయండి. ఇప్పటికే తెచ్చుకున్న క్లిప్పుల్లో వార్ప్ బటన్ తీసేయండి. లాజిక్ వైపు స్మార్ట్ టెంపో 'కీప్ ప్రాజెక్ట్ టెంపో' మీద ఉందో లేదో తనని చూడమనండి.

ఇకముందు ఇలాంటిది వస్తే ఒక గుర్తు పెట్టుకోండి. తేడా మొదటి నుంచి చివరిదాకా ఒకేలా ఉంటే ఫైలు మొదలయ్యే చోట ఏదో ఉంది. పోనుపోను పెరుగుతుంటే వేగంలో ఉంది. శ్రుతి కూడా మారితే శాంపిల్ రేటు.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్న మాట. ప్రాజెక్టు ఫైళ్ళు పంపుకోకండి, శబ్దం పంపుకోండి. మీకు వేర్వేరు సాఫ్ట్‌వేర్లు ఉండటం వల్ల వేరే దారి లేదు కాబట్టి అనడం లేదు. నేనూ నా స్నేహితురాలూ ఇద్దరం ఒకే సాఫ్ట్‌వేర్ వాడతాం, అయినా మా మధ్య వేవ్ ఫైళ్ళే నడుస్తాయి. ప్రాజెక్టు పంపితే అవతలివాళ్ళ దగ్గర ఒక ప్లగిన్ (సాఫ్ట్‌వేర్‌కి తగిలించుకునే వాయిద్యమో ఎఫెక్టో) ఉండదు, ఉన్నా వెర్షన్ పాతది. కొత్త లైవ్‌లో సేవ్ చేసిన సెట్ పాత లైవ్‌లో తెరుచుకోదు. యాపిల్ వాళ్ళ ఏయూ రకం ప్లగిన్లయితే మ్యాక్ దాటి రావు. ఇవన్నీ సర్దుకున్నా అసలు నష్టం ఇంకోటి ఉంటుంది. ప్రాజెక్టు పంపినప్పుడు మన తేల్చుకోలేనితనం మొత్తాన్ని పంపుతాం. బేస్ శబ్దం ఇంకా ఖాయం కాలేదు, ఫిల్టర్ తర్వాత చూద్దాం, రివర్బ్ నువ్వే చూడు... రెండర్ చేయాలంటే, అంటే ఆడియో ఫైలుగా తీయాలంటే మాత్రం "ఇదే" అని ఒక మాట అనుకోక తప్పదు. ఇద్దరు కలిసి చేసే పాట ముందుకి కదిలేది అక్కడే.

నా స్నేహితురాలు పంపే ప్యాడ్ల మీద రివర్బ్ (పెద్ద హాల్లో వచ్చే గింగురులాంటిది) ముందే పూసి ఉంటుంది. తీసేయడానికి లేదు. మొదట్లో నాకు చిరాకుగా ఉండేది. ఇప్పుడు ఆ రివర్బ్ తోకనే కోసి, తిరగేసి, డ్రాప్ (బీటు మళ్ళీ వచ్చి పడే చోటు) ముందు ఊపిరి పీల్చినట్టు వాడుకుంటాను. తను నా హైహ్యాట్లని నాలుగు ఆక్టేవులు దించి వాటితో ఏదో గరగరలాడే డ్రోన్ చేసింది. సింథ్ తెరిచి ఉంటే ఇద్దరం నాబ్‌లు తిప్పుకుంటూ కూర్చునేవాళ్ళం, కత్తెర పట్టేవాళ్ళం కాదు.

పంపేటప్పుడు చూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. ప్రతి స్టెమ్మూ (ఒక్కో ట్రాకుని విడిగా తీసిన ఆడియో ఫైలు) మొదటి బార్ నుంచే మొదలవ్వాలి, ఆ శబ్దం మూడో నిమిషంలో వచ్చేదైనా సరే. ముందు అంతా నిశ్శబ్దం ఉండనివ్వండి. అప్పుడు అవతలివాళ్ళు అన్నిటినీ ఎడమ అంచుకి అంటిస్తే చాలు. చివర రివర్బ్, డిలే తోకలు తెగకుండా ఇంకో రెండు బార్లు ఎక్కువ రెండర్ చేయండి. మాస్టర్ మీద లిమిటర్ (శబ్దం హద్దు దాటకుండా నొక్కేది) ఉంటే తీసేసి పంపండి. ఒక్కో స్టెమ్ పీక్ మైనస్ 6 డెసిబెల్స్ దగ్గర ఉంటే హాయిగా ఉంటుంది. లైవ్‌లో ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు 'ఆల్ ఇండివిడ్యువల్ ట్రాక్స్' ఎంచుకుంటే ఒకేసారి అన్నీ విడివిడిగా వస్తాయి. లాజిక్‌లోనూ ట్రాకులన్నిటినీ ఆడియో ఫైళ్ళుగా పంపే కమాండ్ ఫైల్ మెనూలోనే ఉంది.

మీ సంగీతానికి ముఖ్యమైనది సైడ్‌చెయిన్. కిక్ పడినప్పుడల్లా బేస్ తగ్గే ఆ ఊపు స్టెమ్‌లో అచ్చుపడిపోయి వెళ్తుంది. మీ ఫ్రెండ్ తర్వాత కిక్ ప్యాటర్న్ మారిస్తే, లేని కిక్‌కి బేస్ తలవంచుతూ ఉంటుంది. కాబట్టి ఉన్నదీ లేనిదీ రెండూ పంపండి. నేను రెండూ పంపే స్టెమ్ ఇదొక్కటే. మిగతావాటికి రెండేసి వెర్షన్లు మొదలుపెడితే మళ్ళీ తేల్చుకోలేని జబ్బే.

సైజు గురించి టెన్షన్ పడకండి. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ స్టీరియో నిమిషానికి 17 ఎంబీ పైచిలుకు. ఐదు నిమిషాల స్టెమ్ 86 ఎంబీ, అలాంటివి పన్నెండు పంపితే ఒక జీబీ. బరువనిపిస్తే ఫ్లాక్ అనే ఫార్మాట్‌లోకి కుదించండి. నాణ్యత రవ్వంత పోదు, ఎంపీత్రీలా ముందు ఖాళీ చేరదు. వేవ్‌ని జిప్ చేస్తే పెద్దగా తగ్గదు.

స్టెమ్‌లతో పాటు మెలడీ ఉన్న ట్రాకులకి మిడి ఫైలు కూడా వేయండి. మిడి 1983 నుంచి ఉన్న ప్రమాణం, ఏ సాఫ్ట్‌వేర్ అయినా చదువుతుంది. శబ్దం రాదు, ఏ నోటు ఎప్పుడు ఎంత గట్టిగా అన్నది మాత్రం వస్తుంది. కార్డు ఏమిటో చెవితో వెతుక్కునే పని తప్పుతుంది. ఒక చిన్న టెక్స్ట్ ఫైలులో టెంపో, శ్రుతి, శాంపిల్ రేటు రాసి పెట్టండి. ఫైలు పేర్లలో 'ఫైనల్' అన్న మాట నిషేధించండి. వెర్షన్ నంబరు, ఎవరు పంపారో ఒక అక్షరం, అంతే.

అన్నట్టు, ప్రాజెక్టుల్నే ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకోదానికి తీసుకెళ్ళడానికి డా-ప్రాజెక్ట్ అనే ఫార్మాట్ 2023లో వచ్చింది. బిట్‌విగ్, ప్రీసోనస్ కలిసి తెచ్చాయి. తర్వాత క్యూబేస్ కూడా తీసుకుంది. అందులో మొదలుపెట్టినవాటిలో మీ రెండూ లేవు కాబట్టి ఇక్కడితో వదిలేద్దాం.


సబ్‌బేస్:

టేప్‌హిస్ అన్నతో సగమే ఒప్పుకుంటాను. శబ్దం మాత్రమే పంపితే అవతలివాడు ఆ శబ్దం ఎలా చేశాడో ఎప్పటికీ నేర్చుకోం. నేనైతే నా జోడీకి వేవ్‌తో పాటు సింథ్ ప్రీసెట్ (సేవ్ చేసిన నాబ్ సెట్టింగులు) కూడా పంపుతాను. వైటల్, సర్జ్ ఎక్స్‌టీ అనే సింథ్‌లు రెండూ ఉచితంగా దొరుకుతాయి, విండోస్‌లోనూ మ్యాక్‌లోనూ నడుస్తాయి. ఇద్దరూ వేసుకుంటే మిడి ఫైలు, ప్రీసెట్ ఫైలు కలిపి కిలోబైట్లలో పని అయిపోతుంది, అవతలి వైపు అదే శబ్దం. బేస్‌లైన్ కీ మార్చాలంటే ఆడియోని సాగదీసి పాడుచేయక్కర్లేదు.


టేప్‌హిస్:

కీ మారే అవకాశం ఉన్న దశలో మీ పద్ధతే మంచిది, ఒప్పుకుంటున్నాను. అరేంజ్‌మెంట్ మొదలయ్యాక మాత్రం ప్రీసెట్ తెరిచి ఉంటే చెయ్యి ఊరుకోదు. నాకైతే ఊరుకోదు.


సాటూత్:

టేప్‌హిస్ గారూ, నా ప్రాజెక్టు 48, వాడిది 44.1. వాడి లాజిక్‌లో ఆ టిక్ నిజంగానే లేదు. నా దగ్గర ఆటో వార్ప్ ఆన్‌లో ఉంది. తీసేసి పాత ప్యాడ్లు మళ్ళీ పెట్టి చూశాను, చివరిదాకా కదల్లేదు. వాడికి 25 మిల్లీసెకన్ల సంగతి చెప్తే "నేను మొదటి నుంచీ అదే అంటున్నా కదరా, నా తాళం బాగానే ఉందని" అని ఇంకా వదలడం లేదు.

లైవ్‌గా వాయించుకోవడం గురించీ, లూపులో ఇరుక్కోవడం గురించీ ఎవరైనా చెప్తారా? ముఖ్యంగా రెండోది.


పింగ్_పాంగ్:

లైవ్ సంగతి నేను చెప్తాను, దానితో చాలా కుస్తీ పట్టినవాణ్ణి.

వీడియో కాల్ పనికిరాకపోవడానికి ఆలస్యం ఒక్కటే కారణం కాదు. ఆ యాప్‌లు మాటల కోసం చేసినవి. ఎకో తీసేసే, గోల తగ్గించే ఏర్పాట్లు ఉంటాయి. సాగే ప్యాడ్‌ని ఫ్యాన్ చప్పుడనుకుని నొక్కేస్తాయి. ఇద్దరూ ఒకేసారి వాయిస్తే ఒకరిని మింగేస్తాయి.

ఇక ఆలస్యం. గాలిలో శబ్దం మిల్లీసెకనుకి 34 సెంటీమీటర్లు పోతుంది. అంటే ఒకే గదిలో ఏడెనిమిది మీటర్ల దూరంలో నిలబడి వాయించేవాళ్ళ మధ్య కూడా 20 మిల్లీసెకన్ల పైన ఉంటుంది, చెల్లిపోతుంది. సాధారణంగా 25, 30 దాటితే ఇద్దరూ ఒకరి కోసం ఒకరు ఆగడం మొదలుపెడతారు, టెంపో జారిపోతుంది. ఫైబర్‌లో కాంతి మిల్లీసెకనుకి సుమారు 200 కిలోమీటర్లు. వెయ్యి కిలోమీటర్లకి ఐదు మిల్లీసెకన్లే కదా అనిపిస్తుంది, కానీ కేబుల్ తిన్నగా వెళ్ళదు, మధ్యలో రూటర్లు, రెండు చివర్లా ఆడియో బఫర్లు (శబ్దాన్ని కాస్త పోగుచేసి పంపేవి). 48 కిలోహెర్ట్జ్ దగ్గర 256 శాంపిళ్ళ బఫరంటేనే ఐదు మిల్లీసెకన్ల పైన. వైఫై అయితే ఆలస్యం ఒకేలా ఉండదు, అది ఇంకా ఘోరం.

దగ్గర ఊళ్ళయితే జామ్యులస్ గానీ సోనోబస్ గానీ చూడండి, రెండూ ఉచితం. ఇద్దరూ రూటర్‌కి కేబుల్ పెట్టుకోవాలి, ఇద్దరూ హెడ్‌ఫోన్స్ పెట్టుకోవాలి. దూరమైతే వీటితో పోరాడకండి, నిన్‌జామ్ వైపు వెళ్ళండి. రీపర్ అనే మ్యూజిక్ సాఫ్ట్‌వేర్ తయారుచేసిన కోకోస్ వాళ్ళదే. అది ఆలస్యాన్ని తగ్గించాలని చూడదు, పెంచేస్తుంది. మీరు 8 బార్ల విరామం పెట్టుకుంటే, అవతలివాడు ముందు 8 బార్లలో వాయించింది మీకు ఇప్పుడు, సరిగ్గా బీటు మీద వినిపిస్తుంది. మీరిప్పుడు వాయించేది వాడికి తర్వాతి చుట్టులో. రాక్ బ్యాండుకి ఇది నరకం. కార్డులు మారకుండా తిరిగే టెక్నోకి మాత్రం భలే కుదురుతుంది. ఒక చుట్టు వెనకటిది వింటున్నానన్న సంగతే మర్చిపోతారు.

ఎప్పుడైనా ఒకే గదిలో కలిస్తే ఏబుల్టన్ లింక్ గుర్తుపెట్టుకోండి. 2016లో వచ్చింది, ఒకే లోకల్ నెట్‌వర్క్ మీదున్న యాప్‌ల టెంపో, బీటు కలిపి ఉంచుతుంది. చాలా ఫోన్ యాప్‌లు కూడా దీనితో కలుస్తాయి. ఇంటర్నెట్ మీద మాత్రం పనిచేయదు.


టేప్‌హిస్:

లూపు గురించి. ఇది సాఫ్ట్‌వేర్‌తో పోయేది కాదు గానీ మీరు పంపుకునే పద్ధతి మారిస్తే చాలావరకు పోతుంది.

మీరిద్దరూ ఒకరికొకరు లూపు పంపుకుంటున్నారు. లూపు అందుకున్నవాడు చేయగలిగింది దాని మీద ఇంకోటి పేర్చడమే. కాబట్టి లూపు పంపడం మానేసి నిడివి పంపండి. మొదటి రోజే ఐదు నిమిషాల ఖాళీ టైమ్‌లైన్ మీద గుర్తులు పెట్టండి: ఇంట్రో 32 బార్లు, గ్రూవ్ 32, బ్రేక్‌డౌన్ 16, మళ్ళీ గ్రూవ్ 48, ఔట్రో 32. కలిపితే 160 బార్లు, 124 దగ్గర ఐదు నిమిషాల పది సెకన్లు. ఆ గుర్తులు మార్చుకోవచ్చు, కానీ స్టెమ్‌లన్నీ ఆ నిడివికే రెండర్ అవ్వాలి. అప్పుడు మీ ఫ్రెండ్‌కి వచ్చేది "బ్రేక్‌డౌన్‌లో బేస్ లేదు, అక్కడ ఏదో కావాలి" అన్న ప్రశ్న. ఖాళీ చోటు కనిపిస్తేనే మనిషి అక్కడికి రాస్తాడు.

మొహమాటానికి మేము ఒక నియమం పెట్టుకున్నాం. వంతు వచ్చిన ప్రతిసారీ ఏదో ఒకటి తీసేసే తీరాలి, అది తాను చేసినదే కానక్కర్లేదు. నియమం ఉంది కాబట్టి తీశానంటే ఎవరూ నొచ్చుకోరు. మొదటిసారి తను నా స్నేర్ మొత్తం తీసి పంపింది. రెండు రోజులు మూతి ముడుచుకున్నాను, తర్వాత క్లాప్ కూడా పెట్టకుండా అలాగే వదిలేశాను. తీసినదాన్ని చెరిపేయకండి, పక్క ఫోల్డరులో ఉంటుంది. తిరిగి అడిగే సందర్భం అరుదు.

ఫైనల్ సెషన్ మాత్రం ఒక్కరి దగ్గరే ఉండాలి. ఈ ట్రాక్‌కి మీ దగ్గర, వచ్చేదానికి తన దగ్గర. క్లౌడ్ ఫోల్డరులో ఒకే ప్రాజెక్టు పెట్టుకుని ఇద్దరూ ఒకేసారి తెరిస్తే రెండు కాపీలుగా చీలుతుంది, ఏది అసలో తేల్చుకోవడానికే సాయంత్రం పోతుంది. క్లౌడ్‌లో స్టెమ్‌లు ఉంచండి, సెషన్ వద్దు. సెషన్ ఎవరి దగ్గరుంటే అరేంజ్‌మెంట్ మీద ఆఖరి మాట వాళ్ళది. సగం సగం అధికారం ఉన్న పాట సగంలోనే ఉంటుంది, మీరే చూస్తున్నారు.

అభిప్రాయాలు రాసేటప్పుడు "ఏదో తేడాగా ఉంది" అని రాయొద్దు. "97వ బార్ దగ్గర హైహ్యాట్ గుచ్చుకుంటోంది" అని రాయండి. సాఫ్ట్‌వేర్ వేరైనా బార్ నంబరు ఇద్దరికీ ఒకటే. ఇంకో మోసం కూడా ఉంది. కొత్త వెర్షన్ పాతదానికన్నా ఒక డెసిబెల్ గట్టిగా ఉంటే చాలు, చెవి అదే బాగుందంటుంది. లేయర్ కలిపిన ప్రతిసారీ బిగ్గరవుతుంది కాబట్టి కలపడమే ఎప్పుడూ గెలుస్తుంది. పోల్చే ముందు రెండింటినీ ఒకే లౌడ్‌నెస్‌కి తెచ్చుకోండి. స్పాటిఫై ఎలాగూ మామూలుగా మైనస్ 14 లఫ్స్ (లౌడ్‌నెస్ కొలత) దగ్గరికి దించి వినిపిస్తుంది కాబట్టి ఆ అంకెకే పెట్టుకోవచ్చు.

దూరంగా ఉండి పనిచేయడం లోటేమో అనుకోకండి. ది పోస్టల్ సర్వీస్ అని అమెరికాలో ఒక జోడీ. వాళ్ళు 2003లో తెచ్చిన ఆల్బమ్‌కి ఒకరు ఇంట్లో చేసిన ఎలక్ట్రానిక్ ట్రాకుల్ని డ్యాట్ అనే డిజిటల్ టేపుల మీద పోస్టులో పంపితే, ఇంకొకరు వాటి మీద పాడి తిప్పి పంపారు. బ్యాండుకి ఆ పేరు రావడానికి కారణం అదే. పోస్టులో వెళ్ళిన టేపుని "ఒక్క నిమిషం, ఫిల్టర్ మార్చి మళ్ళీ పంపుతా" అనడానికి ఉండదు కదా.


లోఫై_లోకం:

ఒకటి ఎవరూ అనలేదు. బయట పెట్టే ముందు ఎవరి వాటా ఎంతో రాసుకోండి బ్రో. కంపోజిషన్ హక్కు వేరు, రికార్డింగ్ హక్కు వేరు, రెండింటికీ విడివిడిగా రాసుకోవాలి. ఒక మెసేజ్‌లో ఇద్దరూ ఒప్పుకున్నది ఉన్నా మేలే. శాంపిల్ ప్యాక్‌లోని మెలడీ లూపుని అలాగే వాడి ఉంటే అదే లూపు వాడిన ఇంకెవరి పాటతోనో కలిసి కాపీరైట్ క్లెయిమ్ వస్తుంది. కోసి, మార్చి వాడండి.


సాటూత్:

సగం సగం అని ఇప్పుడే మెసేజ్‌లో రాసుకున్నాం, రెండు హక్కులకీ.

ఈ ట్రాక్‌కి సెషన్ వాడి దగ్గరే పెడుతున్నాం, నా ఇష్టంతోనే. నేను అరేంజ్‌మెంట్‌లో నాన్చుతాను, వాడు తెగ్గొట్టేస్తాడు. ఇద్దరం 48కి వచ్చాం. 160 బార్ల గుర్తులు పెట్టి చూస్తే ఇంట్రోకి మా దగ్గర ఏమీ లేదని తేలింది. బ్రేక్‌డౌన్‌కి మాత్రం పొంగిపొర్లేంత ఉంది. తీసేసే నియమం చెప్పగానే వాడు అడగకుండానే నా ఆర్పెజియో తీసేస్తానన్నాడు, ఎప్పటి నుంచి కాచుకుని ఉన్నాడో. నిన్‌జామ్ వారాంతంలో చూస్తాం.

డ్రమ్స్, బేస్ ఈ రాత్రి రెండర్ చేస్తున్నాను. సైడ్‌చెయిన్ ఉన్నదీ లేనిదీ రెండూ. ఇంకేమైనా మర్చిపోతున్నానా?


టేప్‌హిస్:

కిక్, బేస్ మోనోలో పంపండి, సైజు సగమవుతుంది. వినడానికి ఒక రఫ్ మిక్స్ కూడా వేయండి, అది ఎంపీత్రీ అయినా పరవాలేదు. పేరులోనే 'వినడానికి మాత్రమే' అని రాయండి, లేకపోతే తను దాన్నే టైమ్‌లైన్ మీద పెట్టేస్తాడు.